జాబితాలో లేని చదువు

మా అమ్మాయి సిమిన్ నాలుగేళ్ళు యూనివర్సిటీలో చైనీస్ ఎలా చెప్పాలో చదివింది. మన పిల్లలకి కాదు, విదేశీయులకి. ఈ తేడా ఎంత పెద్దదో నాకు ఆ ఏడు జూన్ నెలలో, మా జిల్లా టీచర్ల ఎంపిక కౌంటరు ముందు నిలబడ్డాక గాని తెలియలేదు.

అప్పటికి రాత పరీక్ష అయిపోయింది. మా ఊరి ప్రాథమిక పాఠశాలకి భాష చెప్పే టీచర్లు ఇద్దరు కావాలంటే తొంభై ముగ్గురు రాశారు. సిమిన్ రెండో స్థానంలో వచ్చింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. ఇంత మంచి మాకెందుకు జరుగుతుంది, ఎక్కడో ఏదో ఉంటుందని. వానకి కాగితాలు తడుస్తాయేమోనని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టాను. దారిలో స్కూటరు ఆగిపోతుందేమోనని గంట ముందే బయల్దేరదీశాను. గుర్తింపు కార్డు ఉందో లేదో మూడుసార్లు తీయించి చూశాను. నేను భయపడ్డవేవీ జరగలేదు.

కౌంటరులో కూర్చున్న అమ్మాయి మా సిమిన్ కంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. పట్టా అటూ ఇటూ తిప్పి చూసి, ముందున్న జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దించింది. మళ్ళీ కిందినుంచి పైకి తెచ్చింది.

"ఈ చదువు మా లిస్టులో లేదు" అంది.

నేను సిమిన్‌ని పక్కకి జరిపి ముందుకెళ్ళాను. చైనీస్ చెప్పడమేగా చదివింది, పరీక్షలో రెండో స్థానం కూడా వచ్చిందిగా అన్నాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. విదేశీయులకి చెప్పే చదువు వేరే కోవలోకి వస్తుందట. పక్క జిల్లాలో తీసుకుంటారేమో గాని మా జిల్లా ఈ ఏడు తీసుకోవడం లేదట. మరి దరఖాస్తు ఎందుకు తీసుకున్నారంటే, దరఖాస్తు కంప్యూటర్ తీసుకుంటుంది, కాగితాలు మేం చూస్తాం అంది. నేను అయిదో తరగతి పుస్తకం ఇచ్చి చెప్పించి చూడమన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు.

సిమిన్ ఇదంతా వింటున్నట్టు లేదు. కౌంటరు అద్దానికి కూడా అంటించి ఉన్న జాబితాని మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది, పరీక్షకి చదివినట్టు. చదవడం అయ్యాక పట్టా తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"అమ్మా, పద."

గుమ్మం దగ్గర బల్ల మీద మూడో స్థానం వచ్చిన పిల్ల, వాళ్ళమ్మ కూర్చుని ఉన్నారు. ఆ తల్లికి సంగతి అర్థమైంది. ఆనందం కనపడకుండా ఉండటానికి ఆవిడ తల వంచుకుని కూతురి చెప్పు పట్టీ సర్దుతోంది. ఆ స్థానంలో ఉంటే నేనూ అలాగే వంగేదాన్ని.

ఆ మధ్యాహ్నమే నేను అబద్ధం ఆడాను.

మా బజారు సందులో నాది కుట్టుమిషను బండి. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, బడి పిల్లల దుస్తుల కుట్లు విప్పి వదులు చేయడం. నా బండికి నాలుగడుగుల దూరంలో యూలియన్ సోయా పాలు, నూనెలో వేయించిన పిండి కడ్డీలు అమ్ముతుంది. పదిహేనేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం. ఆమె భర్త దూరాన ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కూతురు మెంగ్యావో అప్పుడే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తోంది. సిమిన్ పరీక్షలో గట్టెక్కిందని సందంతా చాటింది యూలియనే. అందుకని నేను బండి తాళం తీయకముందే అడిగింది.

"ఏం టీచరమ్మ తల్లీ, ఇక నా దగ్గర పాలు ఊరికే తాగితే ఊరుకోను. బదులుగా మా పిల్లకి పాఠం చెప్పించాలి."

చుట్టూ నలుగురు ఉన్నారు. కూరల ఆవిడ ఉల్లికాడలు కట్టడం ఆపి చూస్తోంది. నా నోటినుంచి మాట దానంతటదే వచ్చింది. ఆ చిన్న బడి సిమినే వద్దనుకుంది, నాన్‌చాంగ్‌లో ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకి చెప్పే ఉద్యోగం వచ్చింది అన్నాను. అన్నాక, నమ్ముతారో లేదోనని ఫోను తీసి ఫొటో చూపించాను. చివరి ఏడాదిలో సిమిన్ కొన్నాళ్ళు విదేశీ విద్యార్థుల మధ్య పని నేర్చుకుంది. అప్పటి ఫొటో అది. వంట నేర్చుకుంటూ, పిండి అంటిన చేతులతో నవ్వుతూ ఆరుగురు, మధ్యలో మా అమ్మాయి. యూలియన్ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి ఒక్కొక్కరిదీ ఏ దేశమని అడిగింది. ఒకతను బెనిన్, ఒకమ్మాయి కజకిస్తాన్ అని నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. అవి రెండూ నిజమే. అబద్ధంలో కలిసిన ఆ నిజాలు చాలా బాగా పనిచేశాయి.

ఇంటికొచ్చి సిమిన్ నాన్నకి చెప్పాను. ఆయన సిటీ బస్సు నడుపుతారు. మాట్లాడడం తక్కువ. తామర గింజలు ఒలుస్తూ అంతా విని, "మరి అమ్మాయి ఇక్కడే ఉంటుందిగా, ఎక్కడ దాస్తావు" అన్నారు.

ఆ సంగతి నేను ఆలోచించలేదు.

సిమిన్ మార్చి నుంచీ దేశమంతా దరఖాస్తులు పెట్టింది. విదేశాల్లో చైనీస్ చెప్పడానికి పంపే వాళ్ళకీ పెట్టింది. ఆ పిలుపు రాకూడదని నేను లోలోపల మొక్కుకున్నాను. దోమలు, తుపాకులు, పడవ మునకలు, నాకు తెలిసినవన్నీ కళ్ళ ముందు తిరిగేవి. పిలుపు రాలేదు. సిమిన్‌కి కన్నీళ్ళొచ్చాయి, నాకు నిద్ర వచ్చింది. నాన్‌చాంగ్‌లో ఒక శిక్షణ సంస్థ పిలిచింది గాని అక్కడ చెప్పేది లేదట, ఫోను చేసి పాఠాలు అమ్మాలట. సిమిన్ కంటే ముందు అదే చదువు చదివినామె ఒకతె మడగాస్కర్‌లో రెండేళ్ళు చెప్పి తిరిగొచ్చి పాల టీ కొట్టు పెట్టుకుంది. ఇంతలో కాలేజీ టీచరు రోజూ ఫోను. కాలేజీ లెక్కల కోసం నెలాఖరులోపు ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో ఉన్నట్టు ముద్ర వేయించి పంపమని. నా కుట్టుబండికి ముద్ర ఎక్కడిది? చివరికి నది అవతల పార్సిళ్ళు పంచే కొట్టు యజమాని ముద్ర వేశాడు. వేస్తూ, ఉత్త ముద్ర ఎందుకమ్మా, నిజంగానే మనిషి కావాలి, వచ్చి పని చెయ్యి అన్నాడట. సిమిన్ సరేనంది.

అలా మా అమ్మాయి నాన్‌చాంగ్ యూనివర్సిటీలో ఉన్న ఆ రోజుల్లోనే, నది అవతల పార్సిళ్ళ మీద నంబర్లు అంటించేది.

పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేది. ముందు సందులో మాజాంగ్ ఆట బల్లలు ఉంటాయి, అక్కడ మా ఇరుగుపొరుగంతా చేరతారు. వెనక నుంచి వెళ్ళమన్నాను. టోపీ పెట్టుకోమన్నాను. ఎండ అని చెప్పాను. రెండో రోజు మాస్కు కూడా పెట్టుకోమన్నాను. అప్పుడు దానికి అర్థమైంది, కొంతవరకు. ఉద్యోగం రాలేదని నలుగురికీ తెలియడం నాకిష్టం లేదనుకుంది. యూనివర్సిటీ సంగతి దానికి నేను చెప్పలేదు.

"అమ్మా, నేనేం దొంగతనం చేయలేదు."

"కొన్నాళ్ళే కదమ్మా. మంచిది ఏదైనా దొరికేదాకా."

అది మాస్కు పెట్టుకుంది. చెత్త కుండీల పక్కనుంచి, ఆ ఇరుకు గోడల మధ్యనుంచి స్కూటరు నెట్టుకుంటూ వెళ్ళింది. వెళ్తుంటే, వంతెన మీద లారీ ఏదైనా వస్తుందేమోనని భయపడ్డాను. ఇరవై మూడేళ్ళ పిల్లని నేనే వెనకదారిన పంపానన్న సంగతి మీద మాత్రం నాకు భయం వేయలేదు.

పనికి వెళ్ళేముందు ఏడింటికి అది గదిలో తలుపేసుకుని ఒక గంట పాఠం చెప్పేది. పెరూ దేశంలో ఒక పళ్ళ డాక్టరు, అక్కడ అప్పుడు సాయంత్రమట. ఒక రోజు నూడుల్స్ గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అతను "మా ఇంటి ముందు నది ఉంది" అన్న వాక్యం చైనీస్‌లో చెప్పాలి. పదిసార్లు చెప్పి ఉంటాడు. పదిసార్లూ సిమిన్ మళ్ళీ మొదటిసారి విన్నట్టే విన్నది. ఎక్కడ తప్పో చెప్పలేదు, తను ఇంకోసారి నెమ్మదిగా చెప్పింది, అంతే. చివరికి అతను సరిగ్గా అనేసరికి ఇద్దరూ నవ్వారు. ఇంట్లో మాతో ఆ గొంతుతో అది ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ గొంతు నాన్‌చాంగ్‌లో ఏ యూనివర్సిటీలోనైనా సరిపోతుంది అనుకున్నాను. అనుకుని, నేను ఆడింది అంత పెద్ద అబద్ధమేం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నూడుల్స్ చల్లారిపోయాయి.

జూన్ ఇరవై నాలుగున ఫలితాలొచ్చాయి. మెంగ్యావోకి డిగ్రీ సీటుకి కావలసిన కనీస మార్కుల కంటే పదహారు ఎక్కువ. యూలియన్ ఆ రోజు సందులో అందరికీ పిండి కడ్డీలు పంచింది. మూడు రోజులయ్యాక నన్ను భోజనానికి పిలిచింది.

వాళ్ళిల్లు బజారు వెనక మూడో అంతస్తు. బల్ల మీద మట్టికుండలో పంది ఎముకల చారు, పక్కన ఇటుకంత లావు పుస్తకం. ఏ కాలేజీలో ఏ చదువుకి కిందటేడు ఎన్ని మార్కులకి సీటు వచ్చిందో అందులో ఉంటుంది. యూలియన్ దాన్ని నా ముందుకి తోసింది. మెంగ్యావో ఆ పుస్తకంలో రంగు కాగితాలు పెట్టి గుర్తులు చేసుకుంది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ టీచరు కావాలని. సందులో చిన్న పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి చెప్పేది, నేనే చూశాను. ఆ మార్కులకి రెండు దారులున్నాయి. ఒకటి కొండల్లో ఉన్న చిన్న కాలేజీ, అక్కడ ప్రాథమిక పాఠశాల టీచరు చదువు. రెండోది సిమిన్ చదివిన యూనివర్సిటీ, సిమిన్ చదివిన చదువే. అదైతే పేరున్న యూనివర్సిటీ, నాన్‌చాంగ్ నగరం, దాని పక్కన విదేశీయుల ఫొటో.

"ఏ కాలేజీ కావాలో కంప్యూటర్‌లో రాసేది ఒకటో తారీకు సాయంత్రం అయిదింటికి మూసేస్తారు" అంది యూలియన్. "నేను ఆరో తరగతి దాకా చదివాను. మా ఆయన ఫోనులో నీ ఇష్టం అంటాడు. నాకు తెలిసినవాళ్ళలో ఈ దారిన వెళ్ళి పైకొచ్చింది మీ సిమిన్ ఒక్కతే. మెయిజెన్ అక్కా, నువ్వు చెప్పు. మా పిల్లని అందులో వేయనా?"

చారు ఆవిరి నా మొహానికి తగులుతోంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం, కూరల ఆవిడ లేదు, ఎవరూ లేరు.

"బాగుంటుంది" అన్నాను.

మెంగ్యావో మొహం వెలిగింది. పెద్దమ్మా, సిమిన్ అక్క అక్కడ హాస్టల్లో ఉంటుందా అని అడిగింది. టీచర్ల గదుల్లో ఉంటుంది, ఏసీ ఉంది అన్నాను. యూలియన్ నా గిన్నెలో పెద్ద ఎముక వేసింది.

తర్వాత నాలుగు రోజులు నేను ఎలా గడిపానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పొద్దున లేవగానే ఇవాళ చెప్తాననుకునేదాన్ని. బండి దగ్గరికి వచ్చేసరికి యూలియన్ పాలు పోసి ఉంచేది. ముందు ఈ పాలు తాగి చెప్తాననుకునేదాన్ని. తాగాక ఎవరో జిప్పు తెచ్చేవారు. నాకు నేను కారణాలు కుట్టుకున్నాను. నాలుగేళ్ళలో కాలం మారొచ్చు. జిల్లా లిస్టు మారొచ్చు. పిల్ల అదృష్టం వేరేగా ఉండొచ్చు. అసలు ఆ సీటు రాకపోవచ్చు. ఎప్పుడూ చెడే జరుగుతుందని వణికే నేను, ఆ నాలుగు రోజులు మంచి జరుగుతుందని నమ్మాను. ఇంకొకళ్ళ పిల్ల విషయంలో.

ఒకటో తారీకు సాయంత్రం నాలుగు దాటాక ఫోను మోగింది. సిమిన్. పని వేళలో ఎప్పుడూ చేయదు. వంతెన, లారీ, ఆసుపత్రి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. రెండోసారి మోగాక గాని బటను నొక్కలేదు.

"అమ్మా, యూలియన్ పిన్ని మెసేజ్ పెట్టింది. మెంగ్యావో నా చదువే రాసిందట. అక్కడ తనని చెల్లెల్లా చూసుకోమంది." వెనకాల టేపు చింపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "నేను ఏ యూనివర్సిటీలో చెప్తున్నానమ్మా?"

కుడుతున్న ప్యాంటు మిషను మీద అలాగే వదిలేశాను.

"ఎన్నింటికి మూసేస్తారు?"

"అయిదింటికి."

"వెళ్ళి చెప్పు. ఇప్పుడే వెళ్ళు."

యూలియన్ బండి మూసి ఉంది. వాళ్ళింటికి వెళ్ళాను. మూడు అంతస్తులు ఎక్కేటప్పుడు మాటలు వరసగా పెట్టుకున్నాను. తలుపు తీసే ఉంది. లోపల యూలియన్ వదిన, ఆమె భర్త, వాళ్ళ పిల్లలు. కంప్యూటర్ ముందు మెంగ్యావో. అంతా రాసేశారు, మూసేదాకా కనిపెట్టుకుని కూర్చున్నారంతే. నన్ను చూడగానే యూలియన్ కుర్చీ లాగింది. వాళ్ళ వదినతో, ఈవిడే, చెప్పానే, ఈవిడ కూతురే అంది. ఆ వదిన లేచి నిలబడి పలకరించింది. నాకు ఎవరూ అలా లేచి నిలబడరు. పుచ్చకాయ ముక్క చేతిలో పెట్టారు.

నేను పుచ్చకాయ తిన్నాను.

గోడ గడియారంలో నాలుగున్నర. ఆ వదిన, విదేశీయులకి చెప్పాలంటే వాళ్ళ భాషలన్నీ రావాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. నాలుగూ ముప్ఫై అయిదు. ఇంకో ముక్క ఇచ్చారు. తీసుకున్నాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. సిమిన్ గుమ్మంలో నిలబడింది. పార్సిల్ కొట్టు వాళ్ళ పసుపు పైచొక్కా, వీపు మీద కొట్టు పేరు, మోచేతికి అంటుకుపోయిన టేపు ముక్క. టోపీ లేదు, మాస్కు లేదు. ముందు సందులోంచే వచ్చి ఉంటుంది, వెనక దారి వాళ్ళింటికి లేదు. అది నన్ను చూసింది.

"చెప్పావా?"

నేను అరచేతిలోని పుచ్చగింజలు చూసుకున్నాను.

అది నన్ను ఇంకేం అడగలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి మెంగ్యావో పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. ఆ పళ్ళ డాక్టరుతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. తను నాన్‌చాంగ్‌లో లేనని, రెండు వారాలకి పైగా నది అవతల పార్సిళ్ళ దగ్గర ఉన్నానని చెప్పింది. చదువు మంచిదేనంది, తనకిష్టమేనంది. తన తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది, ఇప్పుడు నిజంగా విదేశీయులకి చెప్తున్నది నలుగురు, వాళ్ళలో ఇద్దరు రెండేళ్ళ గడువు అయ్యాక తిరిగొచ్చేస్తారు, మిగతావాళ్ళు పై చదువులకో, అమ్మకాలకో, ఆఫీసులకో వెళ్ళారంది. మన జిల్లా బడిలో ఆ పట్టా చూపిస్తే తీసుకోరు, నేను వెళ్ళి చూశానంది.

"నీకు విదేశీయులకి చెప్పాలని ఉందా, చెప్పడం ఇష్టమా?"

"చిన్న పిల్లలకి చెప్పాలని" అంది మెంగ్యావో.

"అయితే ఆ చిన్న కాలేజీ రాయి. ప్రాథమిక పాఠశాల టీచరు చదువు మన జిల్లా లిస్టులో రెండో వరసలో ఉంది. కౌంటరు దగ్గర చూశాను."

వదిన నా వైపు చూడడం మానేసింది. యూలియన్ చేయి కుర్చీ వెనక పట్టుకుని ఉంది. మార్చుకోవడానికి మూడు అవకాశాలే ఇస్తారు, రెండు అప్పటికే వాడేశారు. మూడోది తెరిస్తే పేజీ రావడం లేదు, దేశమంతా అప్పుడే తెరుస్తోంది కాబోలు. మెంగ్యావోకి ఏడుపొచ్చింది. సిమిన్ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి, తొందరలేదు, ఇంకోసారి నొక్కు అంది. ఇంకోసారి. ఇంకోసారి. అయిదుకి ఆరు నిమిషాలు ఉందనగా పేజీ తెరుచుకుంది. చిన్న కాలేజీ పేరు పైకెక్కింది. సరే అన్న గుర్తు పడింది.

సిమిన్ లేచి, పిన్నీ, పని మధ్యలో వచ్చాను, వెళ్ళాలి అంది. యూలియన్ దాని చేతిలో పుచ్చకాయ ముక్క పెట్టబోయింది, అది వద్దని తల ఊపింది. నేను దాని వెనకే దిగాను. కింద స్కూటరు తాళం తీస్తూ అది నా వైపు చూడలేదు. జాగ్రత్తగా వెళ్ళు, వంతెన మీద లారీలుంటాయి అన్నాను. నాకు వచ్చిన మాట అదొక్కటే.

"నీకు నా గురించి ఎప్పుడూ భయమేనమ్మా" అంది. "నేనంటే సిగ్గని మాత్రం నాకు ఈ నెలే తెలిసింది."

వెళ్ళిపోయింది.

నేను బండి దగ్గరికి తిరిగొచ్చాను. ఒక స్కూలు ప్యాంటు సగంలో ఆగి ఉంది. దాన్ని కుట్టాను. కుట్టు వంకర పోయింది, విప్పి మళ్ళీ కుట్టాను. బజారు సర్దుకునే వేళకి యూలియన్ వచ్చింది. తన బండి దగ్గరికి వెళ్ళలేదు, కస్టమర్లు కూర్చునే స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను. ఆమె నోరు సందంతటికీ తెలుసు. తిడితే బాగుండు అనుకున్నాను.

"ఇంకో ఆరు నిమిషాలు ఆలస్యమై ఉంటే మా పిల్ల నాలుగేళ్ళు పోయేవి" అంది. "సరే, పోలేదు. అది కాదు నేను అడగడానికొచ్చింది. కౌంటరు దగ్గర కాదన్న రోజే నాకు చెప్పి ఉంటే నేను నవ్వుతాననుకున్నావా?"

మిషను చక్రం మీద చేయి పెట్టుకుని ఉన్నాను. లేదు లేదు, నీ గురించి అలా ఎందుకనుకుంటాను అనాలి. అదే మర్యాద. యూలియన్ కూడా దానికోసమే చూస్తోందనిపించింది, అంటే ఇద్దరం లేచి ఇళ్ళకి పోవచ్చు. కానీ ఆ నెలలో నేను ఆడాల్సిన అబద్ధాలన్నీ అయిపోయాయి.

"అనుకున్నాను" అన్నాను. "మెంగ్యావోకే అలా జరిగి ఉంటే, నేనైతే నవ్వేదాన్ని. నీ ముందు కాదు. ఇంటికెళ్ళి, సిమిన్ వాళ్ళ నాన్న ముందు."

కూరల ఆవిడ నీళ్ళు చల్లుకుంటూ వెళ్ళింది, మా ఇద్దరి కాళ్ళూ తడిశాయి.

"నాకు తెలుసు" అంది యూలియన్. "నీ గురించి నాకు మొదటి ఏడాదే తెలుసు. అయినా పక్కనే ఉన్నాను కదా అక్కా."

లేచి స్టూలు దాని చోట పెట్టి వెళ్ళింది.

ఆగస్టులో మెంగ్యావోకి ఆ కొండల్లో కాలేజీ నుంచి ప్రవేశ పత్రం వచ్చింది. విందుకి సిమిన్‌ని పిలిచారు, మమ్మల్నీ పిలిచారు. సిమిన్ వాళ్ళ నాన్న, సిమిన్ వెళ్ళారు. నేను తలనొప్పి అన్నాను. సిమిన్ ఇంకా పార్సిళ్ళ దగ్గరే ఉంది. పెరూ డాక్టరు తన ఇద్దరు చెల్లెళ్ళని కూడా పాఠంలో చేర్చాడు. పక్క జిల్లాలో వచ్చే వసంతంలో పరీక్ష ఉందట, అక్కడి లిస్టులో దాని చదువు ఉందో లేదో ఈసారి ముందే కనుక్కుంది. ఉందట. ఈ సంగతి నాకు చెప్పింది వాళ్ళ నాన్న, అది కాదు.

యూలియన్ బండి మామూలు చోటే పెడుతోంది. పొద్దున్నే నాకు పాలు పోస్తుంది, ఇదివరకటిలాగే ఒక చెంచా పంచదార ఎక్కువ వేసి. వేడిగా ఉంటాయి. నేను ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, నాలుగడుగుల దూరంలో ఆమెకి వీపు చేసి తాగుతున్నాను.